పాలు విడిచిన యింట పంక్తి చెడరాదు

'బసవ' నామమునకు మూలము వృషభ శబ్దము. తెలుగు పల్లెలలో నేటికిని ఎద్దును బసవన్న యనియే పిలుతురు. గంగిరెద్దు వాకిట నిలిచినప్పుడు ఇల్లాలు చేటలో ధాన్యము తెచ్చి పోసి, బిడ్డలచేత మ్రొక్కించును. నాగలి సేద్యము సాగిన కాలమున ఆవు కోడెదూడను ఈనినచో ఆ యింట సంతోషమే. కొన్నియేండ్లలో అది కాడికి వచ్చునని రైతు ఆశపడెడివాడు. ట్రాక్టరు వచ్చిన పిదప ఆ యాశ తగ్గినది. పెయ్యదూడ పుట్టిన మేలనియు, కోడెదూడ పుట్టిన మేత దండుగ యనియు తలచువారు పెరిగిరి. ఆ కోడెదూడ పిదప ఏమగుచున్నదను ప్రశ్న నేటి యువజనులలో కొందరిని బాధించుచున్నది. వారు మాంసమునే గాక పాలు, పెరుగు, నెయ్యి, తేనెలను సైతము విడిచిపెట్టుచున్నారు.

తరతరములుగా మాంసము వండని వీరశైవ గృహమునకు ఈ నియమము సులభమని పైకి తోచును. నిజమునకు అట్లు కాదు. మాంసము ఆ యింట ఎన్నడును లేదు కావున దానిని విడుచుట యను మాటయే పుట్టదు. పాలన్ననో ప్రతిదినము పొయ్యిపై పొంగునవి, పూజలో నుండునవి, అతిథికి మర్యాదగా ఇచ్చునవి, పసిబిడ్డకు తల్లి ప్రేమతో పట్టునవి. ఇంట ఒకరు పాలు మానిరన్నచో పూజయు, వంటయు, మర్యాదయు, తల్లి మనస్సును కదలును. కావున ఈ నియమమును ఏల స్వీకరింతురు, గృహమందు దానిని ఎట్లు నిలుపుకొనవలెను, దేహమునకు హాని కలుగకుండ ఏ జాగ్రత్తలు వలయును అను మూడు విషయములు క్రమముగా విచారింపదగియున్నవి.

పేరును, అర్థమును

జంతువులనుండి వచ్చు ఆహారమును పూర్తిగా విడుచుటను 'వీగన్' పద్ధతి యందురు. ఈ మాట 1944లో ఇంగ్లండున పుట్టినది. మాంసము మాని పాలు, గ్రుడ్లు తీసికొను శాకాహారులనుండి తమ్ము వేరుగా తెలుపుకొనుటకై డొనాల్డ్ వాట్సన్ అను నతడును, అతని మిత్రులును దీనిని వాడుకలోనికి తెచ్చి, ఆ యేడే ఒక సంఘమును స్థాపించిరి. తెలుగున దీనిని క్షీరవర్జిత శాకాహారమని చెప్పవచ్చును. అయినను నియమము పాలతో ముగియదు. తేనె, తోలు, ఉన్ని, పట్టు కూడ దాని పరిధిలోనివే. పట్టుకాయలను వేడిచేసి లోని పురుగు చచ్చిన పిదప దారము తీయుట వాడుక. పురుగు రెక్కలు వచ్చి వెలుపలికి పోయిన పిదప మిగిలిన కాయనుండి నూలు తీసి 'అహింసా పట్టు' నేయించిన కుసుమ రాజయ్య తెలుగువారే. గృహమునకు భోజనమే ముఖ్యము కావున ఈ విచారణ ఆహారమునకే పరిమితము.

అంగడి వస్తువుల విషయమున ఒక పొరపాటు తరచుగా జరుగుచుండును. పొట్లముపై నుండు ఆకుపచ్చ చుక్క శాకాహారమని తెలుపునే గాని పాలు లేవని తెలుపదు. అందు పాలపొడి, వెన్న, తేనె ఉండవచ్చును. వీగన్ ఆహారమునకు భారత ప్రభుత్వ ఆహార భద్రతా సంస్థ 2022లో వేరుగా నిబంధనలు చేసి, ఆంగ్లపు 'వి' అక్షరము, దానిపై చిన్న ఆకు గల ఆకుపచ్చ గుర్తును ఏర్పరచినది. ఆ గుర్తు లేని బిస్కత్తులు, చాక్లెట్లు, రొట్టెలు కొనునప్పుడు వెనుక ముద్రించిన పదార్థముల పట్టికను చదివి తెలిసికొనవలెను.

పాలకును దూడకును గల సంబంధము

ఏ పశువైనను ఈననిదే పాలీయదు. పాడి నిలువవలెనన్నచో అది మరల మరల చూలు కట్టవలెను. ప్రతి యీతలోను ఇంచుమించు సగము మగదూడలే పుట్టును. నాగలి, బండి, మోట ఉన్న కాలమున వానికి పనియు, పనితోపాటు గ్రాసమును ఉండెను. నేడు ఆ పనులు యంత్రముల పాలైనవి. వట్టిపోయిన పశువును ఊరక మేపు స్తోమత చిన్న రైతునకు లేదు. సంతకు తోలిన పశువులలో పెక్కు చివర కెక్కడికి చేరునో గ్రామములలో అందరును ఎరుగుదురు. భారతదేశము ప్రపంచమున పాల ఉత్పత్తిలో మొదటి స్థానమున నున్నది. గేదె మాంసము ఎగుమతి చేయు దేశములలోను ముందువరుసలో నున్నది. ఈ రెండు స్థానములును ఒకదానితో నొకటి ముడిపడినవి. మాంసము ముట్టనివాడు సైతము తన లోటాలోని పాల వెనుక నున్న ఈ క్రమమును తలచుకొనుట అన్యాయము కాదు.

ఈ సత్యము పలుకునప్పుడు రెండవ సత్యమును మరువరాదు. 1970లో 'ఆపరేషన్ ఫ్లడ్' పేర ఆరంభమైన క్షీరవిప్లవము సహకార సంఘముల ద్వారా పల్లె స్త్రీల చేతికి డబ్బు తెచ్చినది. వానలు తప్పిన మెట్టప్రాంతములలో పంట పోయిన యేట ఇంటిని నిలిపినది తరచుగా ఒక్క గేదె పాడియే. ఆ పాలమ్మి బిడ్డలను చదివించిన తల్లి క్రూరురాలు కాదు. ఆమె చేసినది కాయకము. ఆ పాలడబ్బుతో పట్టణమున చదివివచ్చిన కుమారుడు ఆమె యెదుట నిలిచి పాలు పాపమని పలికినచో, అతని దయ దూడ కడ మొదలై కన్నతల్లి కడ ఆగిపోయినదన్న మాట. బసవేశ్వరుడు సకల జీవులయెడ దయను ధర్మమునకు ఆధారముగా బోధించెను. సకల జీవులలో ఇంటివారును ఉన్నారు. ఈ నియమమును గృహమున నిలుపగోరువారు ముందుగా గ్రహింపవలసినది ఇదియే.

ఒక వ్రతము నేర్పిన పాఠము

పాలు విడుచుట ఇరువదియొకటవ శతాబ్దపు పట్టణ వ్యామోహమని కొందరు పెద్దలు తలతురు. మహాత్మాగాంధి 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రమున తన మిత్రుడు కాలెన్‌బాక్‌తో కూడి పాలు మానెను. గోవులను, గేదెలను పాలకొరకు హింసించు తీరు తెలిసికొనుట అందుకు కారణములలో నొకటి. ఆరేండ్ల పిదప, 1918లో గుజరాతున ఖేడా ప్రాంతమున తిరుగుచుండగా ఆయనకు విరేచనములు పట్టి ప్రాణాపాయ స్థితి కలిగెను. పాలు తీసికొననిదే దేహము కోలుకొనదని వైద్యుడు చెప్పెను. వ్రతము పట్టినప్పుడు ఆయన మనసున ఉన్నవి ఆవు, గేదె పాలే గదా, మేకపాలకు అభ్యంతరమేమని కస్తూరిబా అడిగెను. ఆయన మేకపాలు స్వీకరించెను. వ్రతములోని మాట నిలిచినను భావము చెడినదను బాధ ఆయనను విడువలేదు. పాలకు బదులుగా మొక్కలనుండి వచ్చు పదార్థమును చూపుడని తన ఆత్మకథలో వైద్యులను కోరెను.

ఈ వృత్తాంతమున గృహస్థులకు రెండు పాఠములు కలవు. దేహమునకు వలసిన దానిని ముందుగా ఏర్పాటు చేసికొనని వ్రతము రోగము వచ్చిననాడు చిక్కులో పడును. వ్రతము పట్టినవాడు ఒక్కడైనను, దానిని మోయువారిలో ఇంటివారు తప్పక చేరుదురు. కస్తూరిబా పరిహాసము చేయలేదు, నిందింపలేదు. భర్త వ్రతమును మన్నించుచునే ఆయన ప్రాణమునకు త్రోవ వెదకినది.

పురాణమున మూడు నివేదనలు

పాలు లేని పూజ యెట్లను సందేహము పెద్దలకు కలుగుట సహజము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మూడు కథలు ఈ విషయమున మననము చేయదగినవి. గొడగూచి యను బాలిక శివునకు పాలు తెచ్చి, త్రాగుమని వేడి, త్రాగకున్న తన ప్రాణమునే యొడ్డ సిద్ధపడినది. శివుడు ఆ పాలు త్రాగెను. కన్నప్ప బోయవాడు; వేటాడి తెచ్చిన మాంసమునే నివేదించెను; శివుడు దానిని స్వీకరించెను. మాదర చెన్నయ పేదవాడు. అతని గుడిసెలోని అంబలిని శివుడు ఆరగించి, చోళరాజు పెట్టిన పంచభక్ష్యములను ముట్టలేదు.

పాలు, మాంసము, అంబలి: మూడును ఆ భక్తవత్సలునకు చేరినవి. మాంసమును ముట్టని సంప్రదాయమే కన్నప్పను భక్తులలో అగ్రగణ్యునిగా కొలుచుచున్నది. కాబట్టి ఆహారమును బట్టి భక్తుని తూచుట ఈ పురాణమునకు సమ్మతము కాదు. పాలు మానిన యువకుడు పాలు త్రాగు తాతకన్న ఎక్కువవాడు కాడు. పాలాభిషేకము చేయు అవ్వ, నీటితో పూజించు మనుమరాలికన్న ఎక్కువది కాదు. ఎక్కువ తక్కువలను తొలగించుటకు పుట్టిన ధర్మమున పళ్లెములోని పదార్థమును బట్టి మరల ఎక్కువ తక్కువలు కల్పించుట తగదు.

పూజామందిరమున

ఇష్టలింగధారణ గల కుటుంబములకు ఈ విషయమున ఒక సౌలభ్యము కలదు. ఎవరి లింగము వారి కరస్థలమున నుండును. ఎవరి పూజ వారిదే. కుమారుడు శుద్ధోదకముతో అభిషేకించి, విభూతి పత్రి పుష్పములతో పూజించి, పండునో బెల్లమునో అర్పించినచో, ప్రక్కన కూర్చుండి పాలతో పూజించు తల్లికి లోపము లేదు. ఒకరి పూజను మరియొకరు దిద్దబూనినప్పుడే కలత పుట్టును. పంచామృతమున పాలు, పెరుగు, నెయ్యి, తేనె, చక్కెర అను ఐదింటిలో నాలుగు పశువులనుండియో, తేనెటీగలనుండియో వచ్చునవి. నియమము పట్టినవారు వానికి బదులు కొబ్బరినీరు, చెరకురసము, ఫలరసములు వాడవచ్చును. దీపమునకు నువ్వులనూనె చాలును. విభూతి ఆవుపేడ భస్మము. పేడ గ్రహించుటలో పశువునకు బాధ లేదు గనుక దానిని విడువనవసరము లేదని తలచువారు కలరు. ఇట్టి సందేహములను దీక్షాగురువు నడిగి తీర్చుకొనుట మేలు.

కఠినమైన చిక్కు ప్రసాద విషయమున వచ్చును. ప్రసాదమును నిరాకరింపరాదు, పారవేయరాదు అనునది పెద్దల నియమము. మఠమున పాయసమో, పెరుగన్నమో చేతబెట్టినప్పుడు ఏమి చేయవలెను? అప్పటికప్పుడు చేయి వెనుకకు తీయుట ఇచ్చినవారిని నొప్పించును. కొందరు కణమాత్రము స్వీకరించుటను తమ నియమమునుండి మినహాయించుకొందురు. కొందరు ముందుగనే మనవి చేసికొని ఫలప్రసాదము పొందుదురు. రెండును గౌరవమైన మార్గములే. ఏది యనుసరింతురో సంకల్పము పట్టునాడే నిర్ణయించుకొని ఇంటివారికి తెలుపవలెను.

వంటయింట ఒక్క కుండ

ఇంటిలో ఈ నియమము చెడుటకు సాధారణమైన కారణము రుచి కాదు, పని. కుమారునకు వేరు కూర, కోడలికి వేరు చారు, మిగిలినవారికి వేరు వంట యైనచో, రెండు పొయ్యిల పొగ ఒక్క ఇల్లాలి కన్నులకే తగులును. ఆమె నెల దినములు ఓర్చుకొనును. రెండవ నెలలో విసుగును. మూడవ నెలలో నియమముపై ద్వేషము పుట్టును. దీనికి ఉపాయము సులభము. నెయ్యి, వెన్న, పెరుగులను వంటలో కలుపక వడ్డనలో వేయవలెను. పప్పు నూనెతో తాలింపు పెట్టిన యొక్క కుండలోనిదే అందరికిని; నెయ్యి కావలసినవారు విస్తరిలో వేసికొందురు. పులుసు అందరిది; మజ్జిగ కావలసినవారిది. ఇట్లు చేసినచో వంట ఒకటియే, పంక్తి ఒకటియే. నియమములు మాత్రమే రెండు.

తెలుగు వంటలో పాలు లేని పదార్థములే ఎక్కువ. పులిహోర, పెసరట్టు, జొన్నరొట్టె, సజ్జరొట్టె, పచ్చిపులుసు, నువ్వులపొడి, గోంగూర పచ్చడి, గుగ్గిళ్లు, చిమ్మిలి, వేరుసెనగ ఉండలు, కొబ్బరిపాలతో వండిన బెల్లపు పాయసము: వీనికి దేనికిని ఆవుతో పని లేదు. వేడియన్నములో కందిపొడి కలిపి నువ్వులనూనె వేసికొనుట అనేకుల యిండ్లలో ఉన్న అలవాటే. కావున అంగడిలో సీసాలలో నమ్ము ఖరీదైన బాదము పాలు మొదలగునవి కొననవసరము లేదు. వానిపై వ్యయము పెరిగినచో, ఇది ధనికుల వినోదమని ఇంటి పెద్ద అనుకొనుటకు ఆస్కారము కలుగును.

పెరుగు లేని భోజనము ముగిసినట్లు తోచదనుట నిజమే. వేరుసెనగ పప్పును రాత్రి నానబెట్టి, పొట్టు తీసి, ఒకటికి మూడింతల నీరు పోసి రుబ్బి, వడగట్టి, అడుగంటకుండ కలుపుచు కాచవలెను. గోరువెచ్చనైన పిదప పచ్చిమిరపకాయల తొడిమలు వేసి ఉంచినచో తోడుకొనును. దానినుండి ఒక చెంచా తీసి మరునాటి పాలకు తోడుగా వాడినచో క్రమముగా రుచి కుదురును. మొదట పల్లీల వాసన కొంత ఉండును. అల్లము, కరివేపాకు, ఆవాల తాలింపు దానిని తగ్గించును. ఈ నానబెట్టుట, రుబ్బుట, వడగట్టుట అను పనులు నియమము పట్టినవారే చేసికొనవలెను. తన వ్రతమునకు తన చేతి శ్రమను జోడించుటయే కాయకము. దానిని మరియొకరి భుజముపై నుంచుట కాయకము కాదు.

దేహరక్షణ

పోషకాహార విషయమున తెలుగువారికి చేరువలో నున్న ప్రమాణ సంస్థ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరున ఆరంభమై, 1958లో హైదరాబాదునకు వచ్చి, 1969లో ఈ పేరు పొందినది. ధాన్యములు, పప్పులు, ఆకుకూరలలోని పోషకములను కొలిచి ఆ సంస్థ ప్రకటించిన పట్టికలు ఈ నియమము పాటించువారికి మిక్కిలి ఉపయోగకరములు.

పాలు మానిన యెడల మొదట తలచవలసినది సున్నము, అనగా కాల్షియము. పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు వలయునని 2020 నాటి జాతీయ ప్రమాణము. 100 గ్రాముల ఆవుపాలలో అది సుమారు 120 మిల్లీగ్రాములు. 100 గ్రాముల రాగులలో 340కి తగ్గదు. పొట్టు తీయని నువ్వులు 20 గ్రాములలో సుమారు 250. మునగాకు 50 గ్రాములలో 150 వరకు ఉండును. ఒక పూట రాగిసంకటి, పిడికెడు నువ్వులపొడి, మునగాకు పప్పు కలిసిన దినమున ఇంచుమించు మూడు పాళ్లు సమకూరును. మిగిలినది పప్పులు, ఇతర ఆకుకూరలు పూరించును. నువ్వులలోను, పాలకూర, తోటకూరలలోను ఉన్న ఆక్సలేటు సున్నమును కొంత పట్టి ఉంచును గనుక ఒక్కదానినే నమ్మక మార్చి మార్చి తినుట మేలు. అన్నమునకో, రొట్టెకో ప్రతిపూట పప్పు తోడైనచో మాంసకృత్తులకు కొరత రాదు. భోజనముతో నిమ్మరసము ఇనుము ఒంటబట్టుటకు సాయపడును. భోజనము వెంటనే త్రాగు తేనీరు అడ్డుపడును. దినమున కొంతసేపు ఎండ తగులుట, అయొడిను గల ఉప్పు వాడుట, అవిసె గింజల పొడి ఒక చెంచా తినుట అలవరచుకొనదగినవి.

ఇవన్నియు వంటయింట దొరకును. వంటయింట దొరకనిది ఒకటి కలదు. అది బి 12 విటమిను. దీనిని మొక్కలు గాని, జంతువులు గాని తయారు చేయలేవు, సూక్ష్మజీవులే చేయును. పాలనుండి కొంత లభించును; పాలు మానినవారికి ఆహారమున నమ్మదగిన మార్గము లేదు. దినమునకు వలసినది మూడు మైక్రోగ్రాములకు లోపే యైనను, లోపించినచో రక్తహీనత, కాళ్లు చేతులు తిమ్మిరెక్కుట, నడకలో తూలుట, మతిమరుపు కలుగును. నరములకు కలిగిన హాని ఆలస్యమైనచో పూర్తిగా మానకపోవచ్చును. కాలేయమున నిలువయున్న విటమిను కొన్నియేండ్లు వచ్చును. అందుచేత మొదటి రెండు మూడేండ్లు ఏమియు కాలేదని ధైర్యపడుట ప్రమాదము. పాలు త్రాగు శాకాహారులలోనే ఈ లోపము దేశమున విరివిగా నున్నది. పాలు కూడ మానినవారి మాట చెప్పనవసరము లేదు.

ఇందు మరియొక సూక్ష్మము కలదు. ఆకుకూరలు, పప్పులలో సమృద్ధిగా నుండు ఫోలిక్ ఆమ్లము, బి 12 లోపము వలన కలుగు రక్తహీనతను కప్పిపుచ్చగలదు. పైకి రక్తము బాగుగా కనబడుచుండ లోపల నరములు చెడుచుండును. ఆ ఫోలిక్ ఆమ్లమును 1945లో అమెరికాలోని ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. బి 12ను వేరుచేసి చూచినది 1948లో. నేడు దానిని సూక్ష్మజీవులను పులియబెట్టి తయారుచేయుదురు కావున మాత్రలోని మందునకు పశువుతో సంబంధము లేదు. పై తొడుగు మాత్రము పశువుల ఎముకలు, చర్మముల జిగురుతో చేసినది కావచ్చును గనుక అడిగి కొనవలెను. స్పిరులినా మొదలగు నాచు పొడులలో నున్నది దేహమునకు పనికిరాని రూపము. ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మోతాదున మాత్ర తీసికొనుట ఈ నియమములో భాగముగనే భావింపవలెను. మాత్ర మ్రింగుట నియమభంగమని తలచి మానినవాడు తన దేహమునకు హింస చేయుచున్నాడు.

శిశువులు, గర్భిణులు, వృద్ధులు

పెద్దవాడు తన యిచ్ఛతో చేసికొను నియమము వేరు. మాటరాని శిశువుపై పెట్టు నియమము వేరు. తల్లిపాలు ఈ నియమమునకు విరుద్ధము కావు. అవి ఆ శిశువుకొరకే పుట్టినవి. ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలకు బదులుగా వేరుసెనగ పాలు, బియ్యపు పాలు పట్టుట ప్రాణాపాయకరము. గర్భిణికి, బాలింతకు బి 12 లోపించినచో బిడ్డ మెదడు ఎదుగుదలకు హాని కలుగును. కావున వైద్యుని పర్యవేక్షణ లేక ఆ కాలమున నియమమును ఆరంభింపరాదు. వృద్ధులకు విటమిను ఒంటబట్టు శక్తి తగ్గును; ఆకలియు తగ్గును. వయసు మళ్లిన అవ్వకు రాత్రివేళ ఒక గ్లాసు పాలే ఆధారమైనచో దానిని మానుమని ఒత్తిడి చేయుట దయ యనిపించుకొనదు.

బడికి పోవు పిల్లల విషయమున బలవంతము పనికిరాదు. స్నేహితుని పుట్టినదినమున మిఠాయి తిని వచ్చిన బాలుని దొంగగా చూచినచో, అతడు దయను గాక దాచుటను నేర్చుకొనును. ఇంట వండునది ఒక తీరున ఉండనిచ్చి, బయట అతని వివేకమునకు విడుచుట మేలు. దూడ సంగతి అతనికి చెప్పవలెను. నిర్ణయమును అతడు పెద్దవాడై చేసికొనును.

బంధువులు, దాసోహము

పెండ్లిచూపులనాడే ఈ నియమమును ఇరుపక్షములును చెప్పుకొనవలెను. కాపురమునకు వచ్చిన పిదప కోడలు పాలు కాచనన్నను, అల్లుడు అత్తవారింట పెరుగు వద్దన్నను, అది ఆహార విషయముగా గాక అవమానముగా కనబడును. విందునకు పిలిచినవారికి రెండు దినములు ముందుగా తెలిపి, తమ వంతుగా ఒక వంటకమును అందరికి చాలునంత చేసి తీసికొనిపోవుట మర్యాద. తమకు మాత్రమే గిన్నెలో తెచ్చుకొని మూల కూర్చుండి తినుట పంక్తిభేదము వంటిదే.

మఠముల దాసోహములలోను ఇదే సూత్రము చెల్లును. నూరుమందికి వండు పప్పు, కూర, పులుసు నూనెతోనే చేసి, నెయ్యి మజ్జిగలను వడ్డనలో ఉంచినచో, పాలు విడిచినవారును, పాలు ఒంటికి పడనివారును, మిగిలినవారును ఒకే పంక్తిలో కూర్చుండగలరు. పాలు అరుగనివారు దక్షిణదేశమున తక్కువేమి కాదు. ఇంట గొడ్డు ఉన్న రైతు కుటుంబము ఈ నియమము పట్టినచో, ఆ గొడ్డును సంతకు తోలుటతో ఆరంభింపరాదు. వట్టిపోయిన దానిని బ్రదికినంతకాలము మేపుటయే ఆ నియమమున మొదటి మెట్టు.

మననము చేయదగిన ప్రశ్నలు

1. గొడగూచి పాలు, కన్నప్ప మాంసము, చెన్నయ అంబలి: ఈ మూడింటిలో శివుడు స్వీకరించినది ఏది?

2. మీ యింట నేటి వంటలో నెయ్యి, పెరుగు వడ్డన వరకు ఆపదగిన పదార్థములు ఏవి?

3. నియమము పట్టిన వ్యక్తి వంటయింట ఏ పనిని తన కాయకముగా స్వీకరించెను? స్వీకరింపనిచో ఆ పని ఎవరిపై పడినది?

4. ఇంట పాలు మానినవారు కడపటిసారి రక్తపరీక్ష చేయించుకొని ఎంతకాలమైనది?

5. పాడిపై జీవించు పొరుగింటి తల్లితో ఈ నియమమును గూర్చి మాటలాడవలసివచ్చినచో, ఆమె నొచ్చుకొనకుండ మొదట ఏ మాట పలుకవలెను?